సర్వీస్ సెంటర్ ఉందన్నారు సరే, ల్యాప్‌టాప్ ఎక్కడ విప్పుతారు?

మా అక్క కొడుకు గేమింగ్ ల్యాప్‌టాప్ మే నెలలో ఒక మధ్యాహ్నం ఆగిపోయింది. పవర్ బటన్ నొక్కితే కీబోర్డు లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు ఒకసారి గిర్రున తిరుగుతాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. రిపేరు షాపుల్లో దీన్ని ‘నో డిస్‌ప్లే’ అంటారు. కొని పది నెలలే అయింది. వారంటీ ఉంది కదా అని వాడికీ టెన్షన్ లేదు, నాకూ లేదు. కొనేటప్పుడు షాపులో అడిగి మరీ తీసుకున్నాం. ‘తిరుపతిలో సర్వీస్ సెంటర్ ఉందా?’ అంటే ‘ఎందుకు లేదు సార్, ఉంది’ అన్నారు. ఆ మాట అబద్ధం కాదు, నిజంగానే ఉంది.

ల్యాప్‌టాప్ తిరిగి వాడి చేతికి రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. అందులో అది తిరుపతిలో ఉన్నది మూడు రోజులే. మిగతా రోజులన్నీ కొరియర్ లారీలోనో, ఇంకో రాష్ట్రంలోని టేబుల్ మీదో గడిచాయి.

కంపెనీని తిట్టుకుని ఊరుకోవచ్చు. మేమూ కొంత తిట్టుకున్నాం. కానీ తర్వాత ఆలోచిస్తే పొరపాటు మా ప్రశ్నలోనే ఉందనిపించింది. ‘సర్వీస్ సెంటర్ ఉందా’ అని అడిగితే వచ్చే ‘ఉంది’ అన్న జవాబుకి కనీసం నాలుగు అర్థాలున్నాయి. లక్ష రూపాయల వస్తువు కొనేవాళ్ళు ఆ నాలుగింటిలో తమకు దక్కేది ఏదో కొనకముందే తెలుసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు నంబర్లు, స్క్రీన్ హెర్ట్జ్ (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న) లెక్కలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

బోర్డు ఒకటే, లోపల నాలుగు రకాలు

మొదటిది కంపెనీ పేరు మీదే నడిచే పెద్ద సెంటర్. స్పేర్ పార్టులు కొన్ని అక్కడే నిల్వ ఉంటాయి, నలుగురైదుగురు ఇంజనీర్లు ఉంటారు. ఇలాంటివి ఎక్కువగా చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాల్లోనే. మనకు వీటిలో దగ్గరిది మన రాష్ట్రంలోనే లేదు. చెన్నై ఇక్కడికి నూట నలభై కిలోమీటర్లు అటూ ఇటూ, హైదరాబాద్ ఐదొందల యాభైకి పైనే. అందుకే తిరుపతి, చిత్తూరు వాళ్ళకు ‘హెడ్డాఫీసు’ అంటే ఎప్పుడూ చెన్నయ్యో బెంగళూరో.

రెండోది ఆథరైజ్డ్ పార్ట్‌నర్. ఊళ్ళోని ఒక సంస్థ కంపెనీతో ఒప్పందం చేసుకుని సర్వీస్ నడుపుతుంది. ఒక్కోచోట ఒకే ఆఫీసు రెండు మూడు బ్రాండ్లు చూస్తుంది, ప్రింటర్లు కూడా చూస్తుంది. ఇంజనీర్ మన ఊరి అబ్బాయే. ఫోన్ చేస్తే బండి మీద వస్తాడు, మర్యాదగా మాట్లాడతాడు. కానీ అతని బ్యాగులో స్క్రూడ్రైవర్లు ఉంటాయి గానీ మీ మదర్‌బోర్డు, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు, ఉండదు. కంప్లయింట్ నంబరు మీద కంపెనీ గోడౌన్ నుంచి ఆ పార్టు కొరియర్‌లో వస్తే తెచ్చి బిగిస్తాడు. పాడైన పార్టును బాగుచేయడం అతని పని కాదు, మార్చడమే అతని పని. మన దగ్గర ఇది చాలా మంచి ఏర్పాటు, మీ మోడల్‌కి పార్టు ఉన్నంత కాలం.

మూడోది కలెక్షన్ పాయింట్. పైన బోర్డు అదే, లోగో అదే. కౌంటర్‌లో ఉన్నాయన ల్యాప్‌టాప్ తీసుకుంటాడు, గీతలు ఎక్కడెక్కడున్నాయో రాసుకుంటాడు, రశీదు ఇస్తాడు, బబుల్ షీట్ చుట్టి పంపేస్తాడు. అక్కడ ఎవరూ ఏదీ విప్పరు. మా వాడిది పడింది ఇక్కడే.

నాలుగోది ఫ్లెక్సీ బోర్డు. ఐదు బ్రాండ్ల లోగోలు వరసగా అచ్చేయించుకుని ‘ఆల్ ల్యాప్‌టాప్స్ సర్వీస్’ అని రాసుకున్న ప్రైవేటు షాపు. దీన్ని తక్కువ చేసి చూడొద్దు. వారంటీ అయిపోయాక మనల్ని ఆదుకునేది వీళ్ళే. అయితే వారంటీలో ఉన్న మెషీన్ పట్టుకుని ఇక్కడికి వెళ్ళారో, చేసిన రిపేరుకు కంపెనీ పూచీ ఉండదు, రేపు కంపెనీ దగ్గర వాదించడానికి నోరూ ఉండదు.

ఏది ఏ రకమో తెలుసుకోవడం కష్టం కాదు. కంపెనీ వెబ్‌సైట్‌లో సర్వీస్ సెంటర్ల జాబితా తెరిచి, మీ ఊరి అడ్రస్ తీసుకుని, అక్కడికే ఫోన్ చేయండి. కస్టమర్ కేర్‌కి కాదు, ఆ ఆఫీసుకే. ‘మదర్‌బోర్డు పోతే ఇక్కడే విప్పుతారా, బయటికి పంపుతారా?’ అని ఒక్క మాట అడగండి. అడిగింది సూటిగా ఉంటే జవాబూ సూటిగానే వస్తుంది. మా వాడికి రెండోసారి కొనేటప్పుడు ఇలాగే మూడు బ్రాండ్ల ఆఫీసులకు ఫోన్ చేశాను. ఒకచోట ‘ఇంజనీర్ ఇంటికే వస్తాడు సార్, పార్టు రావాల’ అన్నారు. ఒకచోట ‘మేము తీసుకుంటాం అంతే సార్’ అన్నారు. మూడోచోట ఆ నంబరే పనిచేయలేదు. అదీ ఒక జవాబే కదా.

‘పిన్‌కోడ్ చెప్పండి సార్’

వారంటీ కాగితం మీద మాటలు కొన్ని చదవడానికి తియ్యగా ఉంటాయి. ‘ఆన్‌సైట్’ అంటే ఇంజనీర్ మీ దగ్గరికే వస్తాడు. ‘క్యారీ ఇన్’ అంటే మీరే మోసుకెళ్ళాలి. ఈ రెండు మాటల మధ్య, మనలాంటి ఊళ్ళలో, పదిహేను రోజుల తేడా ఉండొచ్చు. ఒకే కంపెనీ ఒక మోడల్‌కి ఒకటి, ఇంకో మోడల్‌కి ఇంకోటి ఇస్తుంది. కాబట్టి బ్రాండ్ పేరు చూసి ఊహించుకోకుండా ఆ మోడల్ పేజీలో ఏముందో చదవాలి.

ఆన్‌సైట్ అని రాసి ఉన్నా అది పిన్‌కోడ్‌ను బట్టి ఉంటుంది. తిరుపతి టౌను 517501కి ఇంజనీర్ వస్తాడు. పక్కనే చంద్రగిరి 517101 చెబితే ‘ఒకసారి చెక్ చేస్తాను సార్’ అని లైన్‌లో పాట పెడతారు. కాలేజీ హాస్టళ్ళు చాలా వరకూ టౌనుకు బయటే కాబట్టి, పిల్లవాడు ఉండే చోటు పిన్‌కోడ్, ఇంటి పిన్‌కోడ్ రెండూ కొనకముందే అడిగి పెట్టుకోవాలి. కంప్లయింట్ ఇచ్చేటప్పుడు ఏ అడ్రస్ ఇవ్వాలో అప్పుడు తేలుతుంది.

‘నెక్స్ట్ బిజినెస్ డే’ అన్న మాట ఇంకో మాయ. మీరు ఫోన్ చేసిన మరునాడే అని మనం అనుకుంటాం. అసలు లెక్క, ఫోన్‌లో పరీక్షలన్నీ చేయించి, ఫలానా పార్టు పోయిందని వాళ్ళు నిర్ధారించిన తర్వాతే మొదలవుతుంది, పార్టు రావడం ఆలస్యమైతే ఇంకా జరుగుతుంది. మధ్యలో ఆదివారాలు, పండగలు లెక్కలోకి రావు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ మూడేళ్ళకు తీసుకున్నా, చాలా కంపెనీల్లో బ్యాటరీకి మాత్రం ఏడాదే. యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ వేరే కొనాలి. కాఫీ ఒలికినా, కింద పడినా మామూలు వారంటీ పనికిరాదు. హాస్టల్ పిల్లలకైతే నేను ఆ కవర్ తీసుకోమనే చెబుతాను. నలుగురుండే గదిలో ల్యాప్‌టాప్ మంచం మీంచి కింద పడకుండా నాలుగేళ్ళు గడిచిందంటే అది స్వామి దయ.

వారంటీ మొదలయ్యే తేదీ కూడా ఒకసారి చూడండి. షాపులో ఐదారు నెలలు కూర్చున్న సరుకైతే, కంపెనీ లెక్కలో వారంటీ అప్పటికే కరగడం మొదలై ఉండొచ్చు. సీరియల్ నంబరు వెబ్‌సైట్‌లో కొట్టి చూసి, తేదీ తేడాగా ఉంటే బిల్లు పంపి సరిచేయించుకోవాలి. కొన్న వారంలో చేస్తే పది నిమిషాల పని, పదకొండో నెలలో చేస్తే పది ఫోన్లు.

అమెరికా నుంచి చిన్నాన్న తెచ్చిన ల్యాప్‌టాప్ గురించి కూడా చెప్పాలి. మన జిల్లాలో ప్రతి రెండో వీధికి అలాంటి చిన్నాన్న ఒకరుంటారు. ధర చూస్తే బాగానే ఉంటుంది. అయితే కొన్ని మోడళ్ళ వారంటీ అమ్మిన దేశానికే పరిమితం. అంతర్జాతీయ వారంటీ ఉన్నా, ఆ మోడల్ ఇండియాలో అమ్మకపోతే దాని పార్టు ఇక్కడి గోడౌన్‌లో ఉండదు. కీబోర్డు మీద రూపాయి గుర్తు లేకపోయినా బతకొచ్చు, మదర్‌బోర్డు దొరకకపోతే మాత్రం దాన్ని అటక ఎక్కించాల్సిందే.

మెకానిక్ బీరువా

మా వాడి ల్యాప్‌టాప్ చెన్నై దారిలో ఉన్న రోజుల్లోనే నా పాత మెషీన్ దుమ్ము తీయించడానికి గాంధీ రోడ్డు పక్క సందులో ఒక షాపుకి వెళ్ళాను. ముప్పై దాటని కుర్రాడు, ఒక్కడే. టేబుల్ మీద పరోటా పార్సిల్ డబ్బా మూత. అందులో అయస్కాంతం ముక్క. విప్పిన స్క్రూలను ఆ మూతలో అవి ఉన్న స్థానాల వరసలోనే పెట్టుకుంటూ పోయాడు. పొడుగువి వెనక వైపు, పొట్టివి ముందు వైపు. పొట్టి స్క్రూ రంధ్రంలో పొడుగుది బిగిస్తే పైన కీబోర్డు వైపు పొంగు వస్తుందట.

అడుగు తీశాక ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య చూపించాడు. దుమ్ము కాదది, ఉన్ని గుడ్డ ముక్క. అచ్చం కంబళి నుంచి కత్తిరించినట్టు ఒక పొర. పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా వచ్చింది. గాలి బయటికి పోయే దారంతా అది మూసేసింది. తర్వాత బ్లోయర్ పెట్టేముందు ఫ్యాన్ రెక్కను చూపుడు వేలితో గట్టిగా పట్టుకున్నాడు. ఎందుకని అడిగాను. ‘ఊరికే గాలి కొడితే ఫ్యాను ఉన్న స్పీడుకన్నా ఎక్కువ తిరిగేస్తాదన్నా. బేరింగు పోతాది, ఒక్కోసారి వెనక్కి కరెంటు పుట్టి బోర్డుకి కూడా దెబ్బ’ అన్నాడు. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ పెట్టి ఫ్యాన్లు గిరగిరా తిప్పి ఆనందించే వాళ్ళందరూ ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. నేనూ వాళ్ళలో ఒకణ్ణే.

చిప్ మీద వేడి లాగడానికి పూసే పేస్టు మార్చి అతను మూత బిగిస్తుంటే మా వాడికి కొందామనుకుంటున్న కొత్త మోడల్ ఫోటో ఫోన్‌లో చూపించాను. చాలా సన్నగా, అందంగా ఉంటుంది. అతను ఫోటో వైపు రెండు సెకన్లు చూసి, లేచి బీరువా తలుపు తీశాడు. మూడు అరల నిండా చచ్చిన ల్యాప్‌టాప్‌లు. ఫ్యాన్లు, హింజ్‌లు, కీబోర్డులు విడివిడిగా కవర్లలో, పైన మార్కర్‌తో మోడల్ పేర్లు.

‘అన్నా, దీంట్లో ఉండే మోడల్ అయితే నేను సాయంత్రానికి ఇచ్చేస్తా. నువ్వు చూపించినదానికి ఫ్యాను రిచ్చీ స్ట్రీట్‌లో కూడా దొరకదు. తెప్పించాల్సిందే. ఎప్పుడొస్తాదో నేను చెప్పలేను.’

చెన్నై మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్ గురించి మన వైపు ఎలక్ట్రానిక్స్ పని చేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు. బెంగళూరు వాళ్ళకు ఎస్పీ రోడ్డు ఎలాగో మన షాపులకు అదలాగ. అక్కడ దొరికేది రేపు రైల్లో తిరుపతి వస్తుంది. అక్కడ దొరకనిది, మన వరకూ, లేనట్టే. కాబట్టి ల్యాప్‌టాప్ కొనబోయే ముందు నేను ఇచ్చే సలహా ఒక్కటే. అమ్మేవాణ్ణి అడిగే ముందు బాగుచేసేవాణ్ణి అడగండి. ‘ఏది మంచిది’ అని అడగొద్దు, దానికి అందరూ ఏదో ఒకటి చెబుతారు. ‘ఏ మోడల్ పార్టులు నీ దగ్గర ఉన్నాయి’ అని అడగండి.

జవాబు చాలావరకు ఊహించగలిగేదే. ఎక్కువ మంది కొన్న మోడళ్ళకే పార్టులు ఎక్కువ తిరుగుతాయి. లెనోవో లోక్, హెచ్‌పీ విక్టస్, ఎసూస్ టఫ్, ఏసర్ నైట్రో లాంటి మధ్యతరగతి వరసలు కాలేజీల్లో ఎటు చూసినా కనిపిస్తాయి. వాటిలో పాడైనవీ అంతే కనిపిస్తాయి, ఆ పాడైనవే ఇంకోదానికి పార్టులవుతాయి. అపురూపమైన మోడల్ కొంటే గొప్పగా ఉంటుంది గానీ దానికి తోబుట్టువులు ఉండవు. కొత్తగా వచ్చిన నెలలోనే కొనడం కన్నా ఏడాది పాతబడిన మోడల్ మన ఊళ్ళలో మేలనేది ఇందుకే. ధర తగ్గుతుంది, దాని జబ్బులేమిటో కూడా అప్పటికి బయటపడి ఉంటాయి.

ప్రైవేటు షాపుల్లో ‘చిప్ లెవెల్ సర్వీస్’ అని రాసి ఉంటుంది కదా, అదీ ఒక మాట. బోర్డు మొత్తం మార్చకుండా, కాలిపోయిన చిన్న భాగాన్ని వెతికి అదొక్కటే మార్చడం. చార్జింగ్ ఐసీ, షార్ట్ అయిన మాస్‌ఫెట్ (కరెంటును అదుపు చేసే చిన్న స్విచ్చు) లాంటివైతే చేయి తిరిగినవాడు చక్కగా చేస్తాడు. లక్ష రూపాయల మెషీన్‌ను వేలల్లో బతికిస్తాడు. కానీ గ్రాఫిక్స్ చిప్ పోతే కథ వేరు. వేడి గాలి పెట్టి చిప్‌ను కాస్త కాచితే కొన్ని రోజులు పనిచేస్తుంది. దాన్నే రిపేరు అని డబ్బు తీసుకునేవాళ్ళు ఉన్నారు. వారమో నెలో ఆడి మళ్ళీ ఆగుతుంది. ‘రీహీట్ చేశారా, చిప్ మార్చారా’ అని అడగండి, తీసేసిన పార్టు తిరిగి ఇమ్మనండి. ఇవ్వను అన్నాడంటే అనుమానించాల్సిందే.

ఇక మెషీన్ సంగతి

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి. డెస్క్‌టాప్‌లోలా కార్డు పీకి ఇంకోటి పెట్టడానికి ఉండదు. అందుకే ‘గ్రాఫిక్స్ పోయింది’ అంటే బోర్డు మొత్తం పోయినట్టే. వారంటీ లేని రోజున బోర్డు ధర వింటే కొత్తది కొనుక్కోవడమే నయమనిపిస్తుంది. మిగతావన్నీ దీని చుట్టూ ఆలోచించాలి. బోర్డును వేడి నుంచి కాపాడేదేమిటి? పాడైతే విడిగా మార్చగలిగేవి ఏవేవి?

వేడి సంగతి మన ఊళ్ళో విడిగా చెప్పుకోవాలి. మే నెలలో తిరుపతి నలభై దాటడం కొత్త కాదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ గదిలోని గాలితోనే చిప్‌ను చల్లబరచాలి, దానికి వేరే చల్లగాలి ఎక్కడ్నుంచి వస్తుంది? ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర పెట్టి చేసిన రివ్యూలో చిప్ 80 చూపిస్తే, మన హాస్టల్ గదిలో 38 దగ్గర అది 90 దాటుతుంది. అక్కడ చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట నత్తనడక పడుతుంది. అందుకే సన్నగా ఉన్న మోడల్ చూసి మురిసిపోవద్దంటాను. కాస్త లావుగా, వెనక వైపు గాలి గేట్లు పెద్దగా ఉన్నదే మనకు మేలు.

గ్రాఫిక్స్ పేరు ఒకటే అయినా బలం ఒకటే కాదని కూడా తెలుసుకోవాలి. ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్ ఆర్‌టీఎక్స్ 4060ని కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎక్కడైనా నడపొచ్చు. పక్కపక్కన పెట్టిన రెండు ల్యాప్‌టాప్‌లలో అదే స్టిక్కర్ ఉంటుంది, ఆటలో మాత్రం ఒకటి గుర్రం, ఇంకోటి గాడిద. వాట్లు ఎంతో స్పెసిఫికేషన్ల చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేకపోతే షాపువాణ్ణి అడగండి. అతనికీ తెలియకపోతే అడాప్టర్ చూడండి. 230 వాట్ల ఇటుకలాంటి అడాప్టర్ ఇచ్చారంటే లోపల ఆకలి ఎక్కువని అర్థం.

ర్యామ్ స్లాట్లు రెండు ఉండాలి. కొన్ని సన్నటి మోడళ్ళలో ర్యామ్ కూడా బోర్డుకే అతికిస్తారు, అది పోతే మళ్ళీ బోర్డే. ఫైళ్ళు దాచే ఎస్‌ఎస్‌డీకి రెండో స్లాట్ ఉంటే ఇంకా మంచిది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సొంతంగా మార్చుకోవడానికి చాలా బ్రాండ్లు ఒప్పుకుంటాయి, అయినా మీ మోడల్‌కి ఎలాగో ముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

చిప్ మీద పూసేది మామూలు పేస్టా, లిక్విడ్ మెటలా అన్నది మరో ప్రశ్న. ఎసూస్ రోగ్ వరసలో కొన్నింటికి ఫ్యాక్టరీలోనే లిక్విడ్ మెటల్ వేస్తారు. వేడి బాగా లాగుతుంది. కానీ అది లోహం, కరెంటును పారనిస్తుంది. దుమ్ము తీయించడానికి తెలియని చేతికి ఇస్తే ఒక్క బొట్టు పక్కకు జారినా బోర్డు షార్ట్. మన సందులో కుర్రాడు ఇలాంటివి చూడగానే ‘నేను ముట్టుకోనన్నా’ అనేశాడు. ఆ మాటకే అతని మీద గౌరవం పెరిగింది.

స్క్రీన్ పగిలినప్పుడు ఒక మోసం జరగొచ్చు, తెలియకుండా కూడా జరగొచ్చు. మామూలు 60 హెర్ట్జ్ ప్యానెల్‌కి సాధారణంగా 30 పిన్నుల కనెక్టర్, గేమింగ్‌లో వచ్చే 144 హెర్ట్జ్‌కి 40 పిన్నులు. కొలత ఒకటే కదా అని కేబుల్ మార్చి మామూలు ప్యానెల్ బిగిస్తే బొమ్మ వస్తుంది, కొన్న వేగం రాదు. తెచ్చుకున్నాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో హెర్ట్జ్ ఎంత చూపిస్తోందో ఒకసారి చూడాలి.

అడాప్టర్ మొనలు కంపెనీకో రకం. లెనోవోది పలకగా ఉంటుంది, చాలా హెచ్‌పీలది నీలి రంగు మొన. వాటికి సరిపోయే నకిలీలు మూడో వంతు ధరకు దొరుకుతాయి. రాసి ఉన్నన్ని వాట్లు ఇవ్వవు, ఆట మధ్యలో బ్యాటరీ తగ్గుతూ పోతుంది. అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. మామూలు క్లాసులకు వెళ్ళేటప్పుడు ఆ ఇటుక మోయలేకపోతే, టైప్ సీ చార్జింగ్ ఉన్న మోడల్ చూసుకుంటే చిన్న చార్జర్‌తో రోజు గడిచిపోతుంది. ఆటకు మాత్రం ఇటుకే కావాలి.

ల్యాప్‌టాప్ మీద చేయి పెడితే జివ్వున లాగుతోందని చాలామంది సర్వీస్‌కి తెస్తారట. చాలావరకు తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, ఇంటి ఎర్తింగ్‌ది. పాత ఇళ్ళలో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది, వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ తీగ ఉందో లేదో చూపించండి.

ఎప్పుడూ ప్లగ్గుకే ఉంచి ఆడేవాళ్ళు చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. లెనోవో వాళ్ళ వాంటేజ్ యాప్‌లో దాన్ని కన్సర్వేషన్ మోడ్ అంటారు, ఇతర బ్రాండ్లలోనూ వేరే పేర్లతో ఉంటుంది. టచ్‌ప్యాడ్ పైకి తేలుతున్నట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని గుర్తు. ఇంక వాడొద్దు.

నలభై ఎనిమిది అంకెలు

ఇరవై మూడు రోజుల తర్వాత ల్యాప్‌టాప్ కొత్త బోర్డుతో వచ్చింది కదా, తెరవగానే నీలి రంగు స్క్రీన్. విండోస్ డేటాకు వేసే తాళం బిట్‌లాకర్, దాని రికవరీ కీ అడుగుతోంది, నలభై ఎనిమిది అంకెలు. విండోస్ 11 చాలా మెషీన్లలో ఎస్‌ఎస్‌డీని తనంతట తానే తాళం వేసి ఉంచుతుంది. ఆ తాళంచెవి బోర్డులో ఉంటుంది. బోర్డు మారితే ‘నువ్వెవరు’ అంటుంది. కీ మాత్రం మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది.

ఏ అకౌంట్ అని మా వాణ్ణి అడిగితే తెల్లమొహం వేశాడు. కొన్న రోజు షాపులో కుర్రాడు ‘నేనే సెట్ చేసిస్తాను బ్రో’ అని ఏదో మెయిల్ ఐడీ పుట్టించి పెట్టాడట. ఆ కుర్రాడు అప్పటికే ఉద్యోగం మానేశాడు. చివరికి డబ్బా అటక మీంచి దింపితే, మూత లోపలి వైపు పెన్నుతో రాసి ఉంది, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్‌గా మా వాడి ఫోన్ నంబరు. డబ్బా చెత్తలో వేయనందుకు మా అక్కకు నమస్కారం పెట్టాం. ప్రాజెక్టు ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి మరి.

కొన్న రోజే సొంత అకౌంట్ పెట్టుకుని, రికవరీ కీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అదే వారంలో మధ్యాహ్నం పూట ఏసీ లేని గదిలో రెండు గంటలు బరువైన ఆట ఆడించి చూడాలి. ఆన్‌లైన్‌లో కొంటే మార్చి ఇచ్చే గడువు చాలావరకు వారం, పది రోజులే. ఆ తర్వాత ఏ లోపం బయటపడినా అది సర్వీస్ లెక్కలోకి పోతుంది. ఊళ్ళో షాపులో కొంటే రెండు మూడు వేలు ఎక్కువ పడొచ్చు. ఎదురుగా నిలబడి అడగడానికి ఒక మనిషి ఉంటాడు, నాకైతే ఆ డబ్బు దండగ అనిపించదు.

సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ లేకుండా కదలొద్దు. తేదీ, లోపం, సీరియల్ నంబరు, వెంట ఇచ్చిన అడాప్టర్ అన్నీ అందులో ఉండాలి. సాగదీస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే ఫోన్ చేయొచ్చు. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా సరే. వస్తువు ధర ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఇవన్నీ వాడేవరకూ రాకపోవచ్చు, కానీ జాబ్ షీట్ లేకపోతే ఇందులో ఏ తలుపూ తెరుచుకోదు.

ఈ ఏడాది వాడికి కొత్తది కొన్నాం, పాతది తమ్ముడికి పోయింది. రెండు ర్యామ్ స్లాట్లు, మామూలు పేస్టు, ఆన్‌సైట్ వారంటీ, ఏడాది పాత మోడల్. వాడికి రంగు నచ్చలేదు. మరునాడే దాన్ని సందులో షాపుకి తీసుకెళ్ళి చూపించాడు. ఆ కుర్రాడు స్క్రీన్ వైపు చూడనే లేదు. తిరగేసి అడుగున స్క్రూలు లెక్కపెట్టాడు.

‘పది. అన్నీ మామూలు ప్లస్సే’ అన్నాడు. ‘దీపావళి అయినంక తీసుకురా తమ్ముడూ, టపాకాయల పొగ బాగా పడుతుంది. దుమ్ము తీసిస్తా.’